కట్టు విప్పిన తరువాత: పాముకాటు పాఠంపై ఒక విమర్శ

పాము కరిస్తే కాటుకు పైన బిగించి కట్టవలెనన్న మాట తెలుగునాట బడి ముఖం చూడనివారికి కూడ తెలుసు. పాతకాలపు ప్రథమచికిత్స పుస్తకాలు దానిని అచ్చువేసినవి. చలనచిత్రాలు దానిని మళ్ళీ మళ్ళీ చూపినవి. నేటి వైద్య మార్గదర్శకాలు ఆ మాటను విడిచిపెట్టినా, ఊళ్ళలో మాత్రం అది చెక్కుచెదరక నిలిచి ఉన్నది.

శాస్త్రబోధకు సంబంధించిన ఏ పాఠాన్నైనా రెండు ప్రశ్నలు వేసి పరీక్షించవచ్చును. అది చెప్పినది నిజమా? చెప్పవలసినదంతా చెప్పినదా? కట్టు పాఠం మొదటి ప్రశ్నకే తడబడుతుంది. రెండవ ప్రశ్నకు దాని దగ్గర జవాబే లేదు. కట్టు కట్టుమన్న పాఠం, ఆ కట్టును ఎప్పుడో ఒకప్పుడు విప్పక తప్పదనిగాని, విప్పినప్పుడు ఆ కాలికి ఏమవుతుందోగాని చెప్పదు. ఈ లోపం చిన్నది కాదు. రక్తం ఆగినందువల్ల కండరానికి కలిగే చేటులో ఒక భాగం, రక్తం తిరిగి పారినప్పుడే కలుగుతుంది.

ఖమ్మం జిల్లాలో తల్లాడ నుండి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం పోయే దారిని తీసుకొందాం. మొదట వరిమళ్ళు, పత్తి, మిరప చేలు. ముందుకు సాగినకొద్దీ భద్రాచలం అడవుల అంచు. ధాన్యం ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక వెంట పాము వస్తుంది. అదే గట్టుమీద చెప్పులు లేని కాళ్ళతో కూలివారు నడుస్తారు. కాటు పడిన క్షణాన చేతికి అందేది పశువుల పలుపో, తువ్వాలో, చీరచెంగో. అది ఎంత బిగువున పడినదో కొలిచేవారుండరు. ఎన్ని గంటలకు పడినదో గుర్తు పెట్టుకొనేవారూ తక్కువే.

దీనిని ఎక్కడో ఒకచోట జరిగే వింతగా భావించరాదు. 2020లో ప్రచురితమైన ఒక విస్తృత అధ్యయనం, 2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని అంచనా వేసినది. అనగా సగటున ఏటికి 58,000. 2001–2014 మధ్యకాలపు మరణాలలో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాలలోనే సంభవించినవి. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ వానిలో ఒకటి. ఇవి ప్రాణాల లెక్కలు మాత్రమే; బతికి బయటపడినా కాలో చెయ్యో చెడిపోయినవారు వీనిలో చేరరు.

కట్టు కింద కండరం

రక్తం అందని స్థితిని వైద్యులు ఇస్కీమియా అంటారు. తిరిగి రక్తం పారడం పునఃప్రసరణ. ఈ రెంటి నడుమ కండరంలో ఏమి జరుగుతుందో చూడవలెనంటే ముందుగా దాని ఇంధనం సంగతి తెలియవలెను.

కండరకణంలో ప్రతి పనికీ ఖర్చయ్యే నాణెం అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, సంగ్రహంగా ఎ.టి.పి. దానికి వెనుక దన్నుగా ఉండే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. ఈ రెండు పదార్థాల చరిత్రలోనూ ఒక తెలుగువాని పేరున్నది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గురించి, 1929లో ఎ.టి.పి.ని గురించి ప్రకటించినాడు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే 1929లో స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. కండరం పనిచేస్తే ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతుందనీ, విశ్రాంతిలో తిరిగి పెరుగుతుందనీ ఫిస్కె, సుబ్బారావులు చూపించినారు. తిరిగి పెరగడానికి ఆమ్లజని కావలెను. ఆమ్లజని రావడానికి రక్తం పారవలెను.

కట్టు బిగిసి ధమని మూసుకొన్నదనుకొందాం. కండరం వెంటనే చావదు. ముందు ఫాస్ఫోక్రియాటిన్‌ను ఖర్చుచేస్తుంది. సుమారు మూడు గంటలలో ఆ నిల్వ అడుగంటుతుంది. తరువాత ఎ.టి.పి. కరగడం మొదలవుతుంది. ఆమ్లజని లేకుండానే గ్లైకోజెన్‌ను విరిచి కొంత శక్తి సంపాదించుకొంటుంది. దాని ఫలితంగా లాక్టిక్ ఆమ్లం పేరుకొంటుంది. శక్తి చాలక కణత్వచంలోని పంపులు ఆగుతాయి. లోపల ఉండవలసిన పొటాసియం బయటికి జారుతుంది. బయట ఉండవలసిన సోడియం, కాల్షియం లోపలికి చొరబడతాయి. మామూలు ఉష్ణోగ్రతలో సుమారు నాలుగు గంటల వరకు కండరం చాలావరకు కోలుకొనగలదనీ, ఆరు గంటలు దాటితే నష్టం చాలావరకు శాశ్వతమనీ వైద్యుల సాధారణ లెక్క. నాడులు అంతకంటె ముందే మొరపెట్టుకొంటాయి. అరగంటలోపే తిమ్మిరి తెలుస్తుంది.

“మా కట్టు అంత బిగువు కాదు” అనడం తేలిక. కాని వదులు కట్టుకు కూడ ఒక చిక్కున్నది. ధమని లోతున ఉంటుంది, దాని గోడ గట్టిది. సిర గోడ పలుచన. నడిమిరకపు కట్టు సిరను మూసి ధమనిని తెరిచి ఉంచుతుంది. రక్తం లోపలికి వస్తుంది, బయటికి పోదు. కాలు ఉబ్బుతుంది. తెలుగువారు కాటుకరేకుల పొడ అనీ రక్తపింజర అనీ పిలిచే పాము కరిచినచోట వాపు సహజంగానే వస్తుంది. (పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన గ్రంథంలో ఈ పామును ఆ కాటుకరేకుల పొడ అన్న తెలుగు పేరుతోనే పేర్కొన్నాడు.) ఉబ్బిన కాలిపై తాడు తనంతట తానే బిగుస్తుంది. ఉదయం వదులుగా ఉన్న కట్టు మధ్యాహ్నానికి ఉరిత్రాడు కాగలదు.

విప్పినప్పుడు

రక్తం వచ్చినదంటే ప్రాణం వచ్చినట్లేనని సామాన్యంగా అనుకొంటారు. ఎండిన చేనికి కాలువనీరు వదిలితే పైరు తేరుకొన్నట్లు కండరం కూడ తేరుకొనవలెను గదా అన్నది ఆ ఊహ. పైరు పోలిక ఇక్కడ పొసగదు. చేనుకు ఎండ మాత్రమే తగిలినది. కండరంలో ఈ గంటలలో రసాయనిక స్థితి అంతా తారుమారైనది. తిరిగి వచ్చిన రక్తం ఆ మారిన కణాన్ని ఎదుర్కొంటుంది.

మొదటిది, కడిగివేత. పేరుకొన్న పొటాసియం, ఆమ్లం ఒక్కసారిగా గుండెవైపు పోతాయి. పొటాసియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. ఖాళీగా ఉన్న కాలిలోకి రక్తం పరుగెత్తినందున రక్తపోటు పడిపోతుంది. పాముకాటు విషయంలో, కట్టు కింద నిలిచిన విషం కూడ ఇదే ప్రవాహంలో బయలుదేరుతుంది.

రెండవది విచిత్రమైనది. కణంలో ఆమ్లం పేరుకొనడం చేటే అయినా, దానివల్ల ఒక మేలు కూడ ఉన్నది. మైటోకాండ్రియా పొరలలో తెరుచుకొనడానికి సిద్ధంగా ఉన్న ఒక రంధ్రాన్ని ఆ ఆమ్లత మూసి ఉంచుతుంది. రక్తం వచ్చి ఆమ్లాన్ని కడిగివేయగానే ఆ కాపు తొలగుతుంది. అప్పటికే కాల్షియం నిండి ఉన్నది. ఆమ్లజని కొత్తగా వచ్చినది. రంధ్రం తెరుచుకొంటుంది, శక్తిని తయారుచేయవలసిన మైటోకాండ్రియా ఉబ్బి పనికిరాకుండా పోతుంది. కాల్షియం అధికమైన కండరపు పోగు తనంతట తాను ముడుచుకొని చినుగుతుంది.

మూడవది ఆమ్లజని పని. రక్తం లేనప్పుడు ఎ.టి.పి. విరిగి హైపోజాంథిన్‌గా మారుతుంది. ఆమ్లజని రాగానే జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దానిపై పనిచేసి, సూపరాక్సైడు అనే తీవ్రమైన స్వేచ్ఛా ప్రాతిపదికను పుట్టిస్తుంది. గ్రేంజర్, రుటిలి, మెకార్డ్ అనే శాస్త్రజ్ఞులు 1981లో పిల్లి పేగుపై చేసిన ప్రయోగాలతో ఈ సిద్ధాంతానికి పునాది వేసినారు. 1985లో మెకార్డ్ వ్రాసిన సమీక్ష దానికి విశేష ప్రచారం తెచ్చినది.

నాలుగవది తెల్లకణాల దాడి. చెడిన రక్తనాళాల లోపలి పొరకు న్యూట్రోఫిల్లులు అతుక్కొంటాయి. కేశనాళికలు కారుతాయి. కండరం ఉబ్బుతుంది. మోకాలి కింద కండరాలన్నీ సాగని తొడుగులలో ఉంటాయి. వాపుకు చోటు లేక లోపలి ఒత్తిడి పెరిగి కేశనాళికలను నొక్కివేస్తుంది. పెద్దనాళం తెరిచి ఉన్నా చిన్ననాళాలలోకి రక్తం పోదు. ఈ స్థితిని 1968లో కుందేలు మెదడుపై జరిపిన ప్రయోగాలలో ఏమ్స్ బృందం వర్ణించినది. అప్పుడు వైద్యుడు తొడుగును నిలువునా చీల్చి ఒత్తిడి దించవలసి వస్తుంది.

ఇక్కడ సిద్ధాంతం సంగతి కూడ కొంత చెప్పవలెను. స్వేచ్ఛా ప్రాతిపదికల కథ చెప్పడానికి ఇంపుగా ఉంటుంది, దోషి ఒక్కడే. అందువల్ల జనరంజక వ్యాసాలలో మిగిలిన మూడింటిని మింగివేసినది. అయితే పిల్లి పేగులో సమృద్ధిగా ఉన్న జాంథిన్ ఆక్సిడేజ్ మనిషి కండరపు పోగులలో చాల తక్కువ. ఉన్నదీ ముఖ్యంగా రక్తనాళాల గోడలలోనే. 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధన, రక్తం లేనప్పుడు పేరుకొన్న సక్సినేటు తిరిగి మండేటప్పుడు మైటోకాండ్రియాలోనే సూపరాక్సైడు పుడుతుందని చూపినది. అదీ గుండె మొదలైన అవయవాలలో. ఒక అవయవంలో తేలినది మరొక అవయవానికి అలాగే వర్తిస్తుందని అనుకొనరాదు. ఆమ్లజని దోషి కాదని కాదు. ఒంటరి దోషి కాదు. విటమిను మాత్రతో ఈ చేటు తీరుతుందనుకొనడం ఆ ఒంటిదోషి కథకు పుట్టిన భ్రమ.

కాలినుండి మూత్రపిండానికి

చేటు కాలితోనే ఆగితే పాఠంపై ఇంత పట్టుదల అవసరం లేకపోవును. చినిగిన కండరం నుండి మయోగ్లోబిన్ అనే ఎర్రని మాంసకృత్తు రక్తంలోకి జారి మూత్రపిండాల సన్నని నాళికలను దెబ్బతీస్తుంది. మూత్రం ముదురు గోధుమరంగుకు తిరిగి, తరువాత తగ్గిపోతుంది.

దీనిని లోకానికి గట్టిగా చాటినది యుద్ధం. లండనుపై బాంబులు పడిన రోజులలో శిథిలాల కింద గంటల తరబడి నలిగినవారిని వెలికితీసినారు. బయటికి తీసినప్పుడు వారు బాగానే ఉన్నట్లు కనిపించినారు. కొన్ని గంటలకు కాలు ఉబ్బినది, రక్తపోటు పడినది. తరువాత మూత్రపిండాలు పనిమానినవి. బైవాటర్స్, బీల్ అనే వైద్యులు 1941లో అటువంటి నలుగురి వృత్తాంతం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినారు. బండ కింద ఉన్నంతసేపు నిలిచిన మనిషి, బండ తీసిన తరువాత కూలిపోవడం ఇందులోని మర్మం.

తల్లాడ దారి చేరేది కొత్తగూడెం బొగ్గుగనుల సీమకు. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనుగొన్నప్పటి నుండి ఈ ప్రాంతపు కుటుంబాలకు గని పైకప్పు కూలడమంటే ఏమిటో తెలుసు. బండ కింద కాలు నలిగిన గనికార్మికునికీ, పలుపు కట్టు కింద కాలు నల్లబడిన కూలికీ కండరంలో జరిగేది చాలవరకు ఒక్కటే. నలిగినవానిని విడిపించే ముందే సిరలోకి ద్రవం ఎక్కించడం మొదలుపెట్టవలెనని రక్షణ వైద్యం నేర్చుకొన్నది. కట్టు పాఠం మాత్రం ఈ ఎనభై ఏళ్ళ అనుభవాన్ని ఏమాత్రం పట్టించుకొనలేదు. పైగా రక్తపింజర విషం స్వయంగా మూత్రపిండాలపై దాడిచేయగలదు. ఆ భారంపైన మయోగ్లోబిన్ భారం కూడ మోపడం ఏ విధంగా ప్రథమచికిత్స?

ఆక్షేపణలు

ఈ విమర్శకు బదులు చెప్పేవారుంటారు. వారి మాటలలో నాలుగు పరిశీలింపదగినవి.

ఒకటి: పునఃప్రసరణ కొత్తగా ఏమీ చెరపదు, అప్పటికే చచ్చిన కండరాన్ని బయటపెడుతుంది, అంతే. ఇది మంచి ఆక్షేపణ. 1960లో జెన్నింగ్స్ బృందం కుక్కగుండెపై ప్రయోగాలు చేసిన నాటి నుండి శాస్త్రజ్ఞులు కూడ దీనిని గురించి వాదించుకొన్నారు. దీనిని తేల్చడానికి మార్గమొకటే: రక్తం ఆపిన కాలం మార్చకుండా, వదిలే తీరు మాత్రం మార్చి చూడడం. 2003లో కుక్కగుండెపై అదే చేసినారు. రక్తాన్ని ఒక్కసారిగా వదలక, ముప్పై సెకండ్లు వదిలి ముప్పై సెకండ్లు ఆపుతూ మూడుసార్లు చేసి తరువాత పూర్తిగా వదిలినారు. చచ్చిన భాగం తగ్గినది. రక్తం లేని కాలం రెండు పక్కలా సమానమే కాబట్టి, ఆ తగ్గిన నష్టం పునఃప్రసరణ ఖాతాలోదే. మనుషులలో ఇదే ఉపాయం అన్నిచోట్లా ఫలించలేదన్నది కూడ చెప్పవలెను. కాని చేటు కొంత తిరిగి పారే రక్తం వల్లనే కలుగుతున్నదన్న సూత్రం నిలిచినది.

రెండు: పావుగంటకొకసారి కట్టు వదులు చేస్తే సరి. కొన్ని పాత పాఠాలు ఈ సవరణ చేర్చుకొన్నవి. దీనికి శాస్త్రాధారం వెదికేవారు 1986 నాటి ప్రయోగాన్ని చూపవచ్చును: కుక్కగుండెకు అయిదేసి నిమిషాలు నాలుగుసార్లు రక్తం ఆపి వదిలిన తరువాత, నలభై నిమిషాలు ఆపితే నష్టం బాగా తగ్గినది. కాని అక్కడ చిన్న విరామాలు పెద్ద ఆపుదలకు ముందు జరిగినవి, నిమిషాలు గడియారంతో లెక్కించినవి, కండరంలో విషం లేదు. పొలంగట్టుపై మూడూ తారుమారు. వదులు చేసిన ప్రతిసారీ కొంత విషం పోతుంది, బిగించిన ప్రతిసారీ కండరం ఆకలిగొంటుంది. రెండు చేటులూ కలిసివచ్చే పద్ధతి ఇది.

మూడు: శస్త్రచికిత్సలో వైద్యులే కట్టు కడుతున్నారు గదా. నిజమే. 1904లో హార్వే కుషింగ్ గాలిపట్టీని ప్రవేశపెట్టినాడు. అయితే ఆ పట్టీకి ఒత్తిడి కొలిచే సాధనం ఉన్నది, పక్కన గడియారం ఉన్నది; సామాన్యంగా రెండు గంటల హద్దు పాటిస్తారు. యుద్ధభూమిలో రక్తం చిమ్ముతున్న కాలికి బిగించే పట్టీ కూడ ప్రాణం నిలుపుతుంది. అక్కడ కట్టకపోతే నిమిషాలలో మరణం. ఆ ఉదాహరణలేవీ పలుపుతాడుకు సాక్ష్యం పలకవు. కొలతలేని బిగువు ఎంత చేటో 1881లోనే రిచర్డ్ వోల్క్‌మన్ వ్రాసినాడు. బిగుతైన కట్ల కింద రక్తం అందక ముడుచుకొని కొయ్యబారిన చేతుల వర్ణన అది.

నాలుగు: కాలు పోయినా ప్రాణం దక్కుతుంది. ఈ బేరంలో తాడు విషాన్ని శాశ్వతంగా ఆపుతుందన్న ఊహ దాగి ఉన్నది. తాడు వాయిదా వేస్తుంది, అంతే. విషపు పెద్ద అణువులు చాలావరకు లింఫ్ నాళాల ద్వారా కదులుతాయి. వానిని ముందుకు నెట్టేది కండరాల కదలిక. కాలిని కదలనివ్వకపోతే రక్తం ఆపకుండానే ఆ వాయిదాలో కొంత దక్కుతుంది.

పాఠం ఎలా ఉండవలెను

2017లో కేంద్ర ఆరోగ్యశాఖ వెలువరించిన పాముకాటు చికిత్సా మార్గదర్శకాలు బిగుతు కట్టును నిషేధించినవి. 2024 మార్చిలో ప్రారంభమైన జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించవలెనని లక్ష్యం పెట్టుకొన్నది. ఆ లక్ష్యం తల్లాడ పొలంగట్టుదాకా రావాలంటే “కట్టు కట్టవద్దు” అన్న ఒక్క నిషేధం చాలదు. భయపడిన మనిషి చేతులు ఊరక ఉండవు. వానికి చేయవలసిన పని చెప్పవలెను. చేతులకు పని చూపినందువల్లనే పాత పాఠం ఇంతకాలం బతికినది. దానిలో మెచ్చుకొనదగిన గుణం అదొక్కటే. కొత్త పాఠం ఆ గుణాన్ని తీసుకొని ఇలా చెప్పవచ్చును:

కరిచినవానిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి, నడవనీయకండి. మెట్టెలు, కడియాలు, ఉంగరాలు వాపు రాకముందే తీయండి. విరిగిన ఎముకకు కట్టినట్లు కర్రబద్ద ఆనించి, రక్తం ఆగనంత వదులుగా గుడ్డచుట్టి కాలిని కదలకుండ చేయండి. కోయవద్దు, నోటితో పీల్చవద్దు. 108కి ఫోను చేసి, విషవిరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి తీసుకొనిపొండి. కాటు పడిన వేళ గుర్తుంచుకొని వైద్యునికి చెప్పండి.

ఎవరో అప్పటికే బిగించి కట్టి ఉంటే? పాత పాఠం పూర్తిగా విడిచిపెట్టిన ప్రశ్న ఇదే. దారిలో కంగారుపడి ఒక్కసారిగా తెంచివేయరాదు. అలాగని కట్టు ఉన్నది గదా అని నాటువైద్యుని ఇంట పొద్దు గడపనూరాదు. కట్టిన వేళ వైద్యునికి చెప్పవలెను. ఆయన కట్టుకు దిగువన నాడి చూస్తాడు; నాడి అందకపోతే విషవిరుగుడు, శ్వాసకు సాయం సిద్ధం చేసుకొని, అవసరమైతే రక్తపోటు పట్టీ బిగించి కొద్దికొద్దిగా గాలి వదులుతూ రక్తాన్ని మెల్లగా రానిస్తాడు. తరువాతి గంటలలో కాలి వాపును, మూత్రపు రంగును కనిపెట్టి చూస్తాడు.

ఈ చివరి వాక్యాలు బడిపుస్తకంలోనూ, పంచాయతీ గోడపైనా ఉండదగినవి. కాటు పడినప్పుడు ఏమి చేయకూడదో వినని ఊళ్ళో, ముందుగా తాడు చేతబట్టేవారే ఉంటారు. వారు కట్టిన తాడు ఎన్ని గంటలకు కట్టినదో ఎవరో ఒకరు గడియారం చూసి చెప్పగలిగితే, వైద్యునికి కాలిని, మూత్రపిండాలను కాపాడే ఉపాయం కొంత మిగులుతుంది.